ఓడినవాళ్లకే చింతగింజ

మొన్న నాగల్‌గిద్ద దాటి ఒక చిన్న ఊరికి వెళ్లాను. ఆవుకు సూది వేసిన తరువాత అది కాస్త నెమ్మదించేదాకా ఆగాలి. అందుకని ఆ ఇంటివాళ్లు వాకిట్లో మంచం వాల్చి, చాయ్ చేతిలో పెట్టారు. పక్కింటి అరుగు మీద ఆడవాళ్లు అష్టాచెమ్మ ఆడుతున్నారు. నేను అటు తిరిగి చూడలేదు, బండ మీద గవ్వలు పడ్డ చప్పుడు మాత్రం విన్నాను. పొడిగా, పొట్టిగా, ఒక్కసారి చెల్లాచెదురై ఆగిపోయే చప్పుడు. వెంటనే ఎవరో "అష్టా!" అని అరిచారు. నా చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏంది డాక్టరమ్మా, చాయ్‌ల ఈగ పడ్డదా?" అని అడిగింది ఆ ఇంటి కోడలు. "లేదక్కా, మా సారు యాదికొచ్చిండు" అన్నాను. నేను డాక్టరును కాను, డాక్టరు దగ్గర అసిస్టెంటును. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లలో వినరు. చెప్పీ చెప్పీ నేనే మానేశాను.

మా సారు పేరు బసవరాజు. నారాయణఖేడ్ పశువుల దవాఖానలో డాక్టరుగా చేసేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. మీరెవరూ ఆయనను చూసి ఉండరు కాబట్టి ఎలా ఉండేవారో ముందే చెప్పేస్తాను. భారీ మనిషి, ఆ మనిషికి నప్పని చిన్న చెవులు, మండే ఎండల్లో కూడా మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. కోపమొస్తే ఉర్దూలో తిట్టేవారు. మనుషులతో తెలుగులో మాట్లాడేవారు. పశువులతో మాత్రం కన్నడమే, వాటికి అది జల్దీ అర్థమవుతుందని ఆయన నమ్మకం. బర్రె కాలెత్తి తన్నినా "ఆయ్తు తాయీ, ఆయ్తు" అని, సరేనమ్మా సరే అన్నట్టు దాని వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. ఆయన కర్ణాటక సరిహద్దు మనిషి. నేనేమో మనూర్ దగ్గరి పల్లె పిల్లను. ఆయన దగ్గర చేరిన కొత్తలో, కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, తలుపులు తియ్యకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేదాన్ని. అటెండరు షరీఫ్ చాచా తాళం చెవులు ఊపుకుంటూ వచ్చి, "బర్రెలు గూడ ఇంకా లేవలే బిడ్డా" అని నవ్వేవాడు. పని మీద అంత ప్రేమ ఉండేది, ఒప్పుకుంటాను. నోట్లో నుంచి మాట మాత్రం వచ్చేది కాదు. రైతు ఎదురుగా నిలబడి ఏమైందని అడిగితే, తెలిసిన సంగతి కూడా గొంతులోనే ఇంకిపోయేది.

ఒక శనివారం సారు, "రేపు ఏం పని ఉన్నది సునీతా?" అని అడిగారు. బట్టలు ఉతుక్కోవాలన్నాను. "ఉతుక్కొని రా. మా ఇంట్ల ఆట ఉన్నది" అన్నారు. పత్తాలాట అనుకుని హడలిపోయాను. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు, పై ఆఫీసరు పేకాటకు పిలిస్తే ఏం చెయ్యాలి? తీరా వెళ్తే అక్కడ సారు భార్య గిరిజక్క, షరీఫ్ చాచా, మధ్యలో ఒక పళ్లెం, పళ్లెంలో గిద్దెడు గవ్వలు. బీదర్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఒక కేరళ కుర్రాడు తెచ్చిన ఆటట అది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. అందులో కోటలుంటాయి, రాక్షసులుంటారు, మంత్రాలుంటాయి. కథ చెప్పేవాడు కోట గుమ్మం దాకా తీసుకొచ్చి, "ఇగ ఏం చేస్తరు?" అని ఆగిపోతాడు. మనం ఏం చేస్తామో చెప్పాలి. చేయగలిగామా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. హాస్టల్ వాళ్లకు ఎన్నెన్నో ముఖాలున్న రంగు పాచికలు ఉండేవట. అవి ఏ గది మారినప్పుడో పోయాయి. నారాయణఖేడ్ బజారులో అలాంటివి అడిగితే బొమ్మల దుకాణాయన సారును ఎగాదిగా చూశాడట. అందుకని గిరిజక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న గవ్వలు ఆటలోకి దిగాయి.

గవ్వలు దిగాక ఆట రూపమే మారిపోయింది. సారు దాన్ని మన చేతికి అందేలా మార్చారు. ప్రతి మనిషికీ కొన్ని నేర్పులు ఉంటాయి. మాట, చెయ్యి, కన్ను, కాలు, మందు, మంత్రం. ఏ నేర్పు ఎంత ఉంటే అన్ని గవ్వలు. గోడ ఎక్కాలంటే నీ కాలు గవ్వలన్నీ గుప్పిట్లో పోసుకుని వెయ్యాలి, గోడ ఎత్తును బట్టి సారు ముందే చెప్పినన్ని వెల్లకిలా పడాలి. పడితే ఎక్కినట్టు. అంతే. మొదట్లో నేర్పులు ఆరేనా అని నేను అడిగాను. అసలు ఆటలో పేజీ నిండా ఉండేవని, ఈత వేరు, తాడెక్కడం వేరు, చెట్టెక్కడం వేరు అని సారు చెప్పారు. చాచాకు ఇది నచ్చలేదు.

"గదేంది సాబ్? చెట్టెక్కెటోనికి గోడ ఎక్కరాదా?"

"నీకొస్తదా చాచా?"

చాచా కాసేపు ఆలోచించాడు. "నాకు చెట్టు వస్తది. గోడ రాదు."

గిరిజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు మాత్రం ఆ మాటను నవ్వుకు వదిలెయ్యలేదు. "చూసినవా? గదే తలకాయనొప్పి. అన్నీ ఇడదీసి రాస్తే మనిషి ముక్కలైతడు. అన్నీ కలిపి రాస్తే అందరు ఒక్కతీరే అయితరు. ఆరు కాడ ఆపిన. తప్పో ఒప్పో" అన్నారు. ఆ రోజు నాకు అది ఆటకు సంబంధించిన మాటగానే వినిపించింది. తరువాత దవాఖానలో చూశాను, ఆయన మా గురించి కూడా అలాగే ఆలోచించేవారు. చాచాకు కట్టు కట్టడం వచ్చు, సూది చూస్తే చెయ్యి వణుకుతుంది. అందుకని చాచాను పనికిరానివాడని ఎప్పుడూ అనలేదు, అన్నీ చెయ్యమని మెడ మీద కూర్చోనూ లేదు.

నా వంతు వచ్చినప్పుడు, పంచుకోమని ఇచ్చిన గవ్వల్లో ఎక్కువ భాగం 'మాట' కింద పెట్టేశాను. మందు కింద ఒకే ఒక్కటి పెట్టాను. "దవాఖాన పిల్లవు, మందుల పెట్టుకో" అంది గిరిజక్క. "రోజూ గదే గదక్కా, ఆదివారం గూడనా?" అన్నాను. అలా నేను రాజుగారి దూతనయ్యాను, పేరు చంద్రి. జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడని గిరిజక్క, దేవుడికి కొబ్బరికాయ తక్కువైనా లెంపలేసుకునే గిరిజక్క, కన్నాలు వేసే దొంగ అయింది. ఊరంతటి కబుర్లూ తన నాలుక మీదే ఉండే చాచా, మాట కింద ఒక్క గవ్వే ఉన్న మోటు సిపాయి అయ్యాడు.

ఈ ఏర్పాటు వల్ల మొదటి ఆదివారమే గొడవైంది. కోట గుమ్మం ముందు కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. చాచా లేచి నిలబడి, టోపీ సర్దుకుని, ఇన్సానియత్ అనీ మొహబ్బత్ అనీ మొదలుపెట్టి, ఎవరికైనా కళ్లు చెమర్చేలా ఉపన్యాసమిచ్చాడు. సారు చప్పట్లు కొట్టారు. కొట్టి, చాచా అరచేతిలో ఒకే ఒక్క గవ్వ పెట్టారు.

"గింత మాట్లాడితే ఒక్క గవ్వనా? జుల్మ్ సాబ్ ఇది!"

"మాట్లాడింది నువ్వు చాచా. నీ సిపాయి గాదు. వానికి నాలుక మందం."

గవ్వ బోర్లా పడింది. కాపలావాడు చాచాను నెట్టేశాడు. అప్పుడు సారు నా వైపు తిరిగారు. నేను చీర కుచ్చెళ్లు చూసుకుంటూ, "గేటు తియ్యమని... అడుగుత సార్" అన్నాను. అంతకన్నా ఒక్క మాట రాలేదు. సారు దోసెడు గవ్వలు నా ముందుకు జరిపారు. నాకు సిగ్గనిపించి, చాచా అంత బాగా చెప్పాడు, నేనేం చెప్పలేదు అన్నాను. ఆయన అన్న మాట ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది: "నీకు ఏం గావాల్నో అది చెప్పినవ్. చాలు. ఎట్ల చెప్పినవో గవ్వలు చూసుకుంటయి." వేశాను. దాదాపు అన్నీ వెల్లకిలా, నవ్వుతూ పడ్డాయి. సారు ఆ కాపలావాడు కరిగిపోయి, ఈటె కింద పెట్టి, తన చిన్నప్పటి కష్టాలన్నీ చంద్రికి చెప్పుకుని ఏడ్చిన వైనం వర్ణించారు. చెప్పాలనుకున్నదాన్ని, చెప్పే తీరును ఎవరైనా అలా విడదీసి చూపడం నాకు అదే మొదటిసారి. బాగా చెప్పడం రాదని నేను మొత్తం చెప్పడమే మానేసి కూర్చున్నానని తెలిసింది. సోమవారం ఒక రైతుతో, "పొట్ట ఉబ్బింది. పచ్చిజొన్న మేసిందా?" అని రెండు ముక్కలు చెప్పాను. ఆయన తలూపాడు. లోకం ఏమీ తలకిందులు కాలేదు.

ఇక అష్టా సంగతి. మా ప్రాంతంలో గవ్వలు అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే మంచి పందెం, పైగా ఇంకోసారి వేసే హక్కు. పాలు తాగే వయసు నుంచి మాకు తెలిసింది అదే. సారు ఆటలోనేమో బోర్లా పడటమంటే ఓడిపోవడం. గిరిజక్క దొంగ కోట కందకం మీద నుంచి దూకినప్పుడు గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. సారు "అయ్యో, నీళ్లల్ల పడ్డవ్" అనేలోపే అక్క "అష్టా!" అని గవ్వలు ఊడ్చి మళ్లీ గుప్పిట పట్టింది. చాచా "హా, అష్టానే" అన్నాడు. నేనూ అన్నాను. ముగ్గురం ఒక్కటైపోయాం. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని సారు ఎంత వెక్కిరించినా వెనక్కి తగ్గలేదు. ఆయన బూట్లు లేని పాదాలు చాపుకుని చాలాసేపు ఆలోచించి చివరికి తీర్పు చెప్పారు: "పడ్డవు. అది పడ్డదే. గాని పడ్డకాడ ఏం దొర్కిందో చూసుకోనీకె ఇంకోసారి వెయ్యి." అక్క వేసింది. కందకం అడుగున ఆమెకు ఒక సొరంగం దొరికింది. అలా మా తప్పు ఆయన ఆటలో రూలైపోయింది, ఒంటి గవ్వకు మాత్రం అష్టా లేదన్నారు. హాస్టల్ కేరళ కుర్రాడు చూస్తే ఏమనేవాడో తెలియదు.

చింతగింజల రూలు మాత్రం సారు సొంతం. వేసి ఓడిపోయినవాళ్లకు ఒక చింతగింజ ఇస్తారు. మూడు గింజలైతే ఆ నేర్పులో ఒక గవ్వ పెరుగుతుంది. గెలిస్తే ఏమీ రాదు. "గెలిచినోళ్లకు ఏం లేదా?" అని చాచా నిలదీశాడు. "గెలిచినోడు గెలిచిండు గదా. తెలిసిన పని చేస్తే తెలిసిందే తెలుస్తది" అన్నారు సారు. ఇది విన్న గిరిజక్క దొంగ తెలివి చూపించి, గింజల కోసం కనబడ్డ ప్రతి గోడ మీదికీ ఎగరడం మొదలుపెట్టింది. సారు నవ్వుతూ ఇంకో మెలిక పెట్టారు. ఏదో ఒకటి పోయే ప్రమాదం ఉంటేనే గవ్వ వెయ్యాలి. ఏమీ పోని చోట ఓడినా ఓటమి కాదు, గింజా రాదు. అప్పుడు ఆ మెలిక గిరిజక్క ఆశకు కళ్లెం అనుకుని నవ్వుకున్నాం.

అంజమ్మ బర్రె ఈనలేకపోయింది ఆ రోజుల్లోనే. మనూర్ వైపు ఊరు. సారు వేరే పిలుపు మీద దూరం వెళ్లారు, నేనే బయలుదేరాను. అంజమ్మ ఒంటరి మనిషి. కొట్టంలో ఉన్నది ఆ ఒక్క బర్రె. దాన్ని పడ్డదూడగా ఉన్నప్పటి నుంచి పెంచింది, అదే దాని మొదటి ఈత. లోపల దూడ తల వెనక్కి తిరిగి ఉంది. పుస్తకంలో బొమ్మతో సహా చదివిందే. కానీ చెయ్యి లోపల పెట్టాక బొమ్మలు పనికిరావు. చేతికి తగిలేది కాలో మెడో తెలియదు, బర్రె నొప్పి తీసినప్పుడల్లా ఎముకల మధ్య చెయ్యి నలిగిపోతుంది. గుంజాను. చాతనైనంత గుంజాను. కబురు అందుకుని సారు వచ్చి దూడను బయటికి తీసేసరికి అందులో ప్రాణం లేదు. బర్రె దక్కింది. అంజమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. చచ్చిన దూడ ఒళ్లు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అనకపోవడమే నాకు భరించడం కష్టమైంది. సారు చేతులు కడుక్కుని వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. ఆ కొట్టంలో నేల మీద, అంజమ్మకు కాస్త ఎడంగా చాలాసేపు కూర్చున్నారు.

ఉద్యోగం మానేద్దామని నిర్ణయించుకున్నాను. జహీరాబాద్‌లో ఒక బడిలో క్లర్కు పని ఉందని మా అన్న అప్పటికే చెబుతున్నాడు. "ఫ్యాన్ కింద కూసోని రాసుకునే కొలువు. పేడల చేతులు పెట్టే ఖర్మ నీకేంది?" అనేవాడు. ఈసారి సరేనన్నాను. సారుతో చెప్పడానికి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చెప్పేలోపే గిరిజక్క పళ్లెం పెట్టింది, కథ మొదలైంది, నేను నోరు తెరవలేకపోయాను. కథలో చాచా సిపాయి గుర్రానికి బాణం తగిలింది. మందు కింద గవ్వ ఉన్నది నాకే. "నా గుర్రానికి ఏమన్న జెయ్యి బిడ్డా" అన్నాడు చాచా, ఆయన మనసులో వేరే ఏమీ లేదు. సారు ముఖం మారింది. "వద్దు చాచా, వేరే తోవ చూద్దాం" అన్నారు. ఆ జాలి చూసి నాకు ఒళ్లు మండింది. పళ్లెంలోంచి గవ్వ లాక్కుని వేశాను. బోర్లా పడింది.

సారు ఒక చింతగింజ తీసి నా ముందు పెట్టారు. నేను దాన్ని వేలితో వెనక్కి తోసేశాను. "నాకొద్దు సార్. ఈడ ఓడితే గింజ వస్తది. ఆడ అంజమ్మ దుడ్డె సచ్చిపోయింది. దానికేం గింజ వస్తది?" అన్నాను. గొంతు పెద్దదైంది. నేను ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. చాచా తల దించుకున్నాడు. గిరిజక్క నా వైపు జరిగి కూర్చుంది. జహీరాబాద్ కొలువు సంగతి కూడా అప్పుడే, ఏడుస్తూనే, చెప్పేశాను.

సారు ఆ గింజను చేతిలోకి తీసుకున్నారు. తరువాత మెల్లగా అన్నారు: "ఆటల గింజ ఊకెనే వస్తది బిడ్డా. బయట గట్ల గాదు. బయట నీకొచ్చే ప్రతి గింజకు ఇంకెవలో నష్టపోతరు. నాకు గీ చేతులు వచ్చినయంటే, ఏ కొట్టంల ఎవలు ఏడ్సిండ్రో నాకు యాదికున్నది. అంజమ్మ నష్టపోయింది. ఆమె ఇష్టంతోటి కాదు. మనం అడిగి తీసుకోలె. గాని తీసుకున్నం." గింజను నా చేతిలో పెట్టి, "నువ్వు పోతనంటే పో. నేను ఆపను. గా గింజను మాత్రం ఈడ పడేసి పోకు. అది నీది గాదు, ఆమెది" అన్నారు.

ఓదారుస్తారనుకున్నాను. తప్పు నీది కాదంటారనుకున్నాను. అవేవీ అనకుండా, నా చేతిలో బరువు పెట్టి పంపారు. వింత ఏమిటంటే, ఆ బరువుతోనే నాకు కాస్త ఊపిరాడింది. దుఃఖం దుఃఖంగానే ఉంది, కానీ అది ఒక పనికి వచ్చేదిగా కనిపించింది. అన్నకు ఫోను చేసి, వచ్చే నెల చూద్దాంలే అన్నాను. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు.

ఆటలో ఇంకో రూలు ఉండేది. పక్కన నిలబడి సాయం చేసేవాళ్లు తమ గవ్వల్లో ఒకటి ఇవ్వొచ్చు. వెయ్యాల్సింది మాత్రం పని చేసేవాళ్లే. కంది పూత మీదున్న రోజుల్లో మళ్లీ అలాంటి పిలుపే వచ్చినప్పుడు సారు నన్ను బండి వెనక ఎక్కించుకుని వెళ్లారు. ఆ ఊళ్లో దిగగానే, "ఈమెనే చూస్తది" అని రైతుతో చెప్పి మంచం మీద కూర్చున్నారు. రైతు కంగారుపడ్డాడు. "మీరున్నరు గద సారు?" "నేను చాయ్ తాగనీకె వచ్చిన" అన్నారు.

మోచెయ్యి దాటి చెయ్యి లోపల పెట్టాను. మళ్లీ అదే. ఒక కాలు దొరికింది, తల దొరకలేదు. వెనక నుంచి సారు గొంతు వచ్చింది, ఏ తొందరా లేకుండా.

"ఏం తగుల్తుంది?"

"ఒక్క కాలే సార్. తల లేదు."

"ఏ దిక్కు పోయింది?"

"ఎడమకు... పక్కటెముకల మీదికి మర్లింది."

"గుంజుతున్నవా?"

గుంజుతున్నాను. ఆయనకు కనిపించడం లేదు, అయినా తెలిసిపోయింది. "గుంజకు. ముందుగాల లోపలికి నెట్టు. జాగ దొరికినంక తల తిప్పు" అన్నారు. బయటికి రావలసిన దాన్ని లోపలికి నెట్టడానికి మనసు ఒప్పదు. అంజమ్మ కొట్టంలో నేను చేయలేకపోయింది అదే. నెట్టాను. బర్రె నొప్పి తీసింది, చెయ్యి విరిగిపోతుందనుకున్నాను, ఆగాను, మళ్లీ నెట్టాను. వేళ్లకు కంటి గుంట తగిలింది, తరువాత దవడ. తల చేతిలోకి తిరిగింది. ఇక అప్పుడు తాడు కట్టి, రైతూ నేనూ కలిసి లాగితే, దూడ జారి గడ్డి మీద పడింది. కదల్లేదు. ముక్కులో గడ్డిపోచ పెట్టి, రొమ్ము మీద గట్టిగా రుద్దాను. తుమ్మింది. ఆ తుమ్ము విని నేను కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. తిరుగు దారిలో సారు మెచ్చుకుంటారని బండి వెనక చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఊరు దాటింది, చెక్‌డ్యామ్ దాటింది. చివరికి నోరు విప్పి, "ఆకలైతుంది" అన్నారు. గెలిచినవాళ్లకు ఏమీ లేదన్నది గుర్తొచ్చి దారంతా నవ్వుకున్నాను.

ఆట అలా కొన్నేళ్లు సాగింది. తరువాత సారుకు కిడ్నీలు పాడయ్యాయి, సెలవు పెట్టి బీదర్‌లో చెల్లెలి ఇంటికి చేరారు. చివరిసారి చూడటానికి చాచా, నేను కలిసి బస్సులో వెళ్లాం. అంత భారీ మనిషి దుప్పటి కింద ఎంతో లేడు. చాచా బయట గిరిజక్కతో మాట్లాడుతుండగా, ఏదో ఒకటి అనాలని, "మన ఆటల గవ్వలు పెరుగుడే గాని తగ్గుడు లేదు గద సార్" అన్నాను. ఆయన కళ్లు నవ్వాయి. "అసలు ఆటల ఉండె. వయసు మీద పడ్డకొద్దీ గవ్వలు తీసేసే రూలు. నేనే ఎత్తేసిన" అన్నారు. ఎందుకని అడిగాను. గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, "చాచాకు రిటైర్మెంట్ దగ్గర పడ్డది అప్పటికే. ఆయన ముందర ఎట్ల తీస్తం?" అన్నారు. ఇన్నేళ్లలో ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. నేను ఆయన పాదాలు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. బూట్లు లేకుండా అవి చిన్నపిల్లాడి పాదాల్లా మెత్తగా ఉన్నాయి.

సారును తలచుకుంటే నాకు ప్రేమతో పాటు కొంచెం కోపం కూడా వస్తుంది. ఆయన వల్ల నాకు ఓటమి తేలిక కాలేదు. ఓడినా నేర్చుకుంటాంలే అనే మాట ఎవరైనా హాయిగా అంటే, ఎవరి ఖర్చు మీద నేర్చుకున్నావని అడగాలనిపిస్తుంది. నేను మోసేది ఆ ప్రశ్ననే. ఇప్పుడు నా చేతికి పని బాగానే తెలుసు. అయినా అన్నీ దక్కవు. పోయిన నెల మల్లప్ప తాత కొట్టంలో దూడ పోయింది. పిలుపు వచ్చేసరికే ఆలస్యమైంది, చెయ్యగలిగిందంతా చేశాను, దక్కలేదు. చేతులు కడుక్కున్నాను. ఆటో అతను రోడ్డు మీద హారన్ కొడుతున్నాడు. నేను నేల మీద, తాతకు కాస్త ఎడంగా కూర్చున్నాను. తాత బీడీ వెలిగించలేదు. హారన్ ఆగిపోయింది. చాలాసేపటికి తాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"లోపట ఇంకోటి సూడితోటి ఉన్నది. జొన్న కోతలప్పుడు ఈనుతది. దానికి గూడ నువ్వే రావాలె బిడ్డా."

"వస్త తాతా" అన్నాను. కొంగు నడుముకు దోపుకుని లేచాను. "ఏదీ, ఇప్పుడే ఒకపారి చూపియ్యి."